వార్తలు సరే, నవ్వుడే కష్టం

నార్కట్‌పల్లిల నల్గొండ బస్సు కోసం నిలబడి చెవుల్ల డాయ్‌చె వెల్లె పెట్టుకున్న.
జర్మన్ నేర్చుకునేటోళ్ల కోసం మెల్లగ చదివే వార్తలు.
మంత్రులు, సమ్మెలు, వానలు... చానమట్టుకు అర్థమైనయ్.

ఆ ధైర్యంతోని జడ్‌డీఎఫ్ చానెల్ 'హోయ్‌టె షో' క్లిప్ పెట్టిన. 2009 నుంచి వస్తున్న రాజకీయ వ్యంగ్యం అది.
స్టూడియోల జనం పడీపడీ నవ్వుతున్నరు. నా నోట చప్పుడు లేదు 😄

మాటలు అర్థంగాక కాదు. వాళ్లు ఎక్కిరిస్తున్న లీడర్ ఎవరో, మొన్న ఏమన్నడో తెల్వక.
గట్లనే పుస్తకం తెలుగు నేర్చిన జర్మనోడికి రేడియో వార్తలు అర్థమైతయేమో. వీ6 తీన్మార్ వార్తల్ల అప్పటి బిత్తిరి సత్తికి నవ్వాలంటే మాత్రం మనూర్ల కొన్నొద్దులు చాయ్ తాగాల్సిందే కద!

పాటలు నయం. 'నేనా' అనే జర్మన్ బ్యాండ్ పాడిన '99 లుఫ్ట్‌బలోన్స్' (1983) ముందు ట్యూన్‌తోనే పట్టేస్తది. అది యుద్ధం మీద పాటని తర్వాత తెలిసింది. మళ్ల విన్న, గుబులైంది.

తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ నుంచి జర్మనీ పోదామని నేర్చుకుంటున్న నర్సింగ్ అక్కచెల్లెండ్లు ఈడ ఎవరన్న ఉన్నరా?
మీకు నిజంగ నవ్వొచ్చిన జర్మన్ కామెడీ ఏందో కామెంట్ల చెప్పుండ్రి. సబ్‌టైటిల్స్ ఉన్నవైతే ఇంకా మంచిది.