నలభై ఒక్క కామెంట్లు

మా అన్నయ్య కూతురు అమెరికాలో డిగ్రీ చదువుతోంది. అసలు చదువు లెక్కలు, సరదాకి కథలు రాయడం మీద ఒక కోర్సు. కిందటి చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసింది. వాళ్ళకింకా గురువారం రాత్రే.

"బాబాయ్, మా కాలేజీకి ఒక రైటర్ వచ్చింది. ఏడాదంతా క్యాంపస్ లోనే ఉంటుంది. పాఠాలేం చెప్పదు. గది తలుపు తీసుకుని కూర్చుంటుందంతే. మనం రాసింది పట్టుకెళ్తే మాట్లాడుతుంది" అంది.

"ఏం మాట్లాడింది?"

"నా కథ నన్నే పైకి చదవమంది. చదివాక ఒక ప్రశ్న అడిగింది. అంతే, నా అరగంట అయిపోయింది."

"దీనికి జీతం కూడానా?" అని నవ్వాను. నేను కన్సల్టెంటుని. గంటకింత అని బిల్లు వేసి బతికేవాణ్ణి. అరగంటకొక ప్రశ్న అంటే ఏ క్లయింటూ రెండోసారి పిలవడు. అది మాత్రం నవ్వలేదు. "ఆ ప్రశ్నకి జవాబు ఇంకా వెతుక్కుంటున్నా బాబాయ్" అని పెట్టేసింది.

ఫోన్ పెట్టేశాక నాకు టీ సహించలేదు. అంతకు నాలుగు నెలల ముందు నా దగ్గరికీ ఒక కుర్రాడు కథ పట్టుకుని వచ్చాడు. వాడికి నేనేం చేశానో ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు.

నేనుండేది హాయిల్ లో. రియాద్ నుంచి వాయవ్యంగా ఆరువందల కిలోమీటర్ల దూరం. ఒక పక్క అజా కొండలు, ఇంకోపక్క నఫూద్ ఎడారి. సౌదీ అంటే ఎండే అనుకునేవాళ్ళు జనవరిలో ఒకసారి వచ్చి చూడాలి. ఉన్ని టోపీ లేకుండా బక్కాలాకి వెళ్ళి పాలు తెచ్చుకోలేం. మనవాళ్ళకి ఈ ఊరు పెద్దగా తెలియదు గానీ, ఈ ఊరి మనిషి ఒకాయన బాగా తెలుసు. హాతింతాయి. హిందీ సినిమాల్లో, టీవీ సీరియల్లో రాక్షసులతో యుద్ధాలు చేసినాయనే. నిజం హాతిం ఆరో శతాబ్దపు తయ్యి తెగ మనిషి. కవి. ఇంటికొచ్చిన అతిథికి పెట్టడానికి ఏమీ లేక తన గుర్రాన్నే కోశాడని ఇప్పటికీ కథగా చెబుతారు.

ఆ కుర్రాడిది జగిత్యాల దగ్గర పల్లె. నాది కరీంనగర్ కాబట్టి మాట కలిసింది. మా ఆఫీసులో ఏసీలు చూసే కంపెనీలో హెల్పరు. ఇరవై రెండేళ్ళుంటాయి. డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చాడు. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే వీసా వచ్చిందట. నా బల్ల మీద తెలుగు పుస్తకం చూసి, "మీరు రాస్తరా సార్?" అన్నాడు. అప్పుడప్పుడూ అన్నాను. మర్నాడు నిచ్చెన కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "నేను గూడ ఒకటి రాసిన, చూస్తరా?" అన్నాడు. ఫోన్ లో టైపు చేశాడు, రాత్రి డ్యూటీల తరవాత. అయిదు పేజీలు.

సనయ్యాలో ఒక రూము, అందులో ఎనిమిది మంది. ఒకడికి తండ్రి పోయినట్టు ఇంటినుంచి ఫోనొస్తుంది. వెళ్ళే దారి కుదరదు. వీడియో కాల్లో తండ్రి అంత్యక్రియలు చూస్తాడు. మిగతా ఏడుగురూ టీవీ ఆపేసి, బయట మెట్ల మీద కూర్చుంటారు. అదీ కథ.

మా వృత్తిలో కోడ్ రివ్యూ అని ఒకటుంది. జూనియర్ రాసిన ప్రోగ్రాము సీనియర్ వరసపెట్టి చదివి, తప్పున్న ప్రతి చోటా పక్కన ఒక కామెంటు పెడతాడు. ఎన్ని పెడితే అంత శ్రద్ధగా చూసినట్టు. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదదే, ఆ పనికి నాకు మంచి పేరు కూడా ఉంది. కుర్రాడి అయిదు పేజీలూ లాప్ టాప్ లోకి తెచ్చుకుని రెండు గంటలు కూర్చున్నాను. మొత్తం నలభై ఒక్క కామెంట్లు. వాక్యం తెగింది. ఇక్కడ కాలం మారింది. మాండలికం ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. ఈ పేరా అనవసరం. ఇరవై మూడోది, అంత్యక్రియల దగ్గర: "ఇది నమ్మేలా లేదు. ఫోన్ ఎవరు పట్టుకున్నారు?"

నిజం చెప్పొద్దూ, పంపించాక ఒక తృప్తి కూడా కలిగింది. నా రాతలకి ఎవరూ ఇంత సమయం ఇవ్వలేదు కదా అనుకున్నాను.

"మంచిది సార్" అని ఒక్క మాట వచ్చింది. ఆ తరవాత ఏసీకి ఇంకో హెల్పరు రావడం మొదలుపెట్టాడు. పని వేరే సైటుకి మారిందేమో అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా.

మా అమ్మాయి ఫోన్ తరవాత ఈ రైటర్-ఇన్-రెసిడెన్స్ సంగతేమిటో తవ్వాను. 1921లో మిషిగన్ యూనివర్సిటీ రాబర్ట్ ఫ్రాస్ట్ ని ఆన్ ఆర్బర్ కి పిలిచింది. క్లాసుల బరువు పెట్టకుండా, ఊళ్ళో ఉండు, రాసుకో, పిల్లలు వస్తే మాట్లాడు అని. అమెరికాలో ఈ పద్ధతికి తొలి అడుగుల్లో అదొకటి. 1936లో అయోవా యూనివర్సిటీ వర్క్ షాప్ పెట్టింది. 1967 నుంచి అక్కడే ఇతర దేశాల రచయితలను పిలిపించి కొన్నాళ్ళు ఉంచుకునే కార్యక్రమం ఇంకొకటి మొదలైంది. వీటిల్లో నాకు వింతగా తోచింది ఒకటే. రచయిత చేత పని చేయించుకోవడానికి కాదు, ఆ మనిషి అక్కడ ఉన్నందుకు డబ్బిస్తున్నారు. రాసేవాళ్ళు కూడా మనలాగే గిన్నెలు కడుక్కుంటారని, నాలుగో పేజీలో ఇరుక్కుపోతారని పిల్లలు కళ్ళతో చూస్తారు. దాని విలువ బిల్లులో వేయడం నాకు చేతకాదు.

మనకి ఉన్నాయా అంటే, ఆ పేరుతో చెప్పడం కష్టం. మనుషులు మాత్రం ఉన్నారు. 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకి తొలి ప్రిన్సిపాలుగా వచ్చింది విశ్వనాథ సత్యనారాయణగారు. రెండేళ్ళున్నారు. ఆయనకి 1970 జ్ఞానపీఠం వచ్చాక మా ఊరి పెద్దవాళ్ళు ఆ రెండేళ్ళనీ సొంత ఆస్తిలా చెప్పుకునేవారు. కానీ ప్రిన్సిపాలంటే ఫైళ్ళు, సంతకాలు, ఫీజులు. తలుపు తీసుకుని ఖాళీగా కూర్చోమని ఏ ప్రభుత్వమూ ఆర్డరు వేయదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రేరియనుగా ఉన్న అబ్బూరి రామకృష్ణారావుగారు దీనికి ఇంకాస్త దగ్గర. పుస్తకం కోసం వెళ్ళినవాడు ఆయన కబుర్లలో పడి కవిత్వంతో బయటికొచ్చేవాడని పేరు.

నాకు అందరికంటే దగ్గరగా అనిపించేది కాళీపట్నం రామారావు మాస్టారు. విశాఖ సెయింట్ ఆంథోనీస్ స్కూల్లో లెక్కల పంతులు. రాసిన కథలు తక్కువ. 'యజ్ఞం' ఒక్కటీ చాలు, దాని మీద జరిగిన చర్చ ఇంకో పుస్తకమవుతుంది. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన ఎక్కువగా చేసిన పని వేరు. ఇతరుల కథలు చదవడం. ఊరూ పేరూ తెలియని కొత్తవాళ్ళవి కూడా చదివి ఉత్తరాలు రాసేవారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. పురస్కారాల డబ్బు కూడా అందులోనే పోశారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడ ఉండాలన్నది కోరిక. 2021 జూన్ లో పోయారు. ఎవరో నియమించిన రెసిడెన్సు కాదది. కట్టుకున్నదీ ఆయనే, కాపలా ఉన్నదీ ఆయనే. లెక్కల మాస్టారు కదా, తప్పులు దిద్దడం వృత్తిలోనే ఉంది. అయినా అంతమంది కొత్తవాళ్ళు ఆయన దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారంటే, అందరికీ ఎర్రసిరా పూసి పంపించారని అనుకోలేను.

ఇవన్నీ బుర్రలో తిరుగుతుండగా మా ఆఫీసు సౌదీ సహోద్యోగితో గహ్వా తాగుతూ ఆ మాట ఎత్తాను. ఆయన హాయిల్ వాడే, అరబ్బీ పద్యాలు బాగా వచ్చు. "మాకు పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఉండేది. రావీ అంటాం" అన్నాడు. రావి అంటే మనకి చెట్టు, కాకపోతే శాస్త్రిగారు. వాళ్ళకి రావీ అంటే కవి వెంట తిరుగుతూ, ఆయన పద్యాలన్నీ నోటికి పట్టి, నలుగురిలో చదివే శిష్యుడు. రాత తక్కువైన కాలం కాబట్టి కవి గ్రంథాలయం కూడా వాడే. ఔస్ ఇబ్న్ హజర్ కి రావీ జుహైర్. జుహైర్ దగ్గర ఆయన కొడుకు కాబ్, ఇంకా హుతైఆ. ఆ వరస తరాలపాటు అలా సాగింది. జుహైర్ ఒక్కో ఖసీదాకి ఏడాది తీసుకునేవాడని చెబుతారట.

"మరి గురువు వీళ్ళ పద్యాలు ఎప్పుడు దిద్దేవాడు?" అన్నాను.

ఆయన చిత్రంగా చూశాడు. "ముందు వాడు వినాలి కదా. ఏళ్ళ తరబడి వినాలి. గురువు కూడా వింటాడు, వాడు చదువుతుంటే" అన్నాడు.

ఆ జుమ్మా రోజే సనయ్యాకి వెళ్ళాను. రూము కనుక్కోవడానికి గంట పట్టింది. కుర్రాడు బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళాడట. వాళ్ళ రూమ్మేట్ ఒకాయన, యాభై ఏళ్ళ మనిషి, కుర్చీ తుడిచి వేసి చాయ్ పెట్టాడు. "కథ రాసిండని మాకు గూడ చదివి వినిపిచ్చిండు సార్. మేమే మెట్ల మీద గూసున్నది" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. తండ్రి పోయింది ఎవరికో కాదు. నేను "నమ్మేలా లేదు" అని రాసింది వాడి తండ్రి చితి పక్కన.

వాడొచ్చాడు. తడి బకెట్టు కింద పెట్టి, "ఏసీ ఖరాబయిందా సార్?" అన్నాడు. కాదన్నాను. కథ గురించి వచ్చానన్నాను. "తీసేసిన సార్. ఫోన్ల జాగ లేకుండె" అన్నాడు తలొంచుకుని. జాగా ఎంతో నాకు తెలుసు. అయిదు పేజీల అక్షరాలు ఒక ఫోటోలో వందో వంతు చోటు కూడా తినవు. ఆ మాట అనలేదు. ఇంకో నిజం అప్పుడే తట్టింది. ఆ కథకి ఇప్పుడు మిగిలిన కాపీ నా లాప్ టాప్ లో ఉన్నదొక్కటే, నలభై ఒక్క కామెంట్లతో. అన్నీ తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. తీసేసి పంపిస్తానన్నాను. "వద్దు సార్, ఉండనీయుండ్రి" అన్నాడు.

తప్పు నాదే తమ్ముడూ అన్నాను. ఏం తప్పో వివరించబోతే మాట కుదరలేదు. అప్పుడు మా అమ్మాయి రైటరమ్మ గుర్తొచ్చింది. "చదవడానికి లేకపోతే పోనీ, చెప్పు. వింటాను" అన్నాను. పెన్ను జేబులోనే ఉంది, తీయలేదు.

చాలాసేపు చెప్పలేదు. రూమ్మేట్ చాయ్ గ్లాసులు తీసుకుని బయటికెళ్ళాడు. మెట్ల మీదికే అనుకుంటాను. ఆ తరవాత మొదలుపెట్టాడు. కథలో లేనివి చాలా వచ్చాయి. కఫీల్ ఫోను ఎత్తకపోవడం, టికెట్టు ధర, వాళ్ళ ఊరి చెరువుగట్టు. మధ్యలో నాకు నాలుగు సలహాలు నోటిదాకా వచ్చాయి. చాయ్ తాగాను. మొత్తం అయ్యాక నేనడిగింది అదే ఇరవై మూడో ప్రశ్న. ఈసారి ముందు మాట లేకుండా.

"ఫోన్ ఎవరు పట్టుకున్నారు?"

"మా చెల్లె సార్" అన్నాడు. "ఆమె చెయ్యి వణుకవట్టె. నాకు బాపు కనవడలే. ఎంతసేపు జూసినా వేపచెట్టు కొమ్మలే కనవడ్డయి. ఇటు తిప్పు అందామంటె నోరు రాలే."

"ఇది కథలో లేదు కదా" అన్నాను.

"లేదు సార్. రాయస్తదా ఇది?"

వచ్చే జుమ్మాకి మళ్ళీ వస్తానని చెప్పి లేచాను. వాడు బకెట్టు తీసుకుని నాతోపాటు గేటు దాకా వచ్చి, ఆరేయాల్సిన బట్టలు అక్కడి తీగ మీదే ఆరేసుకోవడం మొదలుపెట్టాడు.