చీముపొక్కులు

చర్మము దేహమునకు ప్రాకారము వంటిది. ప్రాకారమున కంత యేర్పడినచో శత్రువు లోపలికి చొచ్చునట్లు, దోమ కుట్టగా గోకినచోటను, గజ్జి లేచినచోటను, ఆటలో మోకాలు గీచుకొనినచోటను సూక్ష్మజీవులు ప్రవేశించును. అట్లు పుట్టు అంటువ్యాధులలో ఇంపెటిగో యొకటి. దీనినే చీముపొక్కు లందుము.

స్కాట్లండు దేశపు శస్త్రవైద్యులగు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ దొరగారు 1880వ సంవత్సరమున కురుపుల చీమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడిన జీవులను కనుగొనిరి. 1882లో వానికి స్టెఫిలోకోకస్ అని పేరిడిరి. ఈ వ్యాధికి ముఖ్యకారణ మదియే. గొలుసువలె నుండు స్ట్రెప్టోకోకస్ కూడ కారణమగును.

ముక్కునకు, నోటికి చుట్టును, కాలుసేతులమీదను ఎఱ్ఱని పొక్కులు లేచి, చితికి, రసి కారి, తేనెరంగు పక్కు కట్టును. రెండు మొదలు ఐదేండ్ల పిల్లలకు ఇది విశేషముగా వచ్చును. వారి నెత్తుకొను పెద్దలకును అంటవచ్చును.

పొక్కులకంటె జనుల మాటలే పిల్లల నెక్కువ బాధించుట మేము పాఠశాలలో చూచియున్నాము. ఒక వర్షకాలమున చిన్నతరగతి బాలు డొకడు మూతిచుట్టును పక్కులతో రాగా తోడిపిల్లలు బల్ల విడిచి లేచిపోయిరి. కుష్ఠమని కొందరు గుసగుసలాడిరి. కుష్ఠమే యైనను నేడది మందులచే కుదురు వ్యాధియే గదా! తల్లి మాత్రము అమ్మవారు పోసినదని తలచి పసుపు పూసి యూరకుండెను. మేము వారి యింటికిపోయి నచ్చజెప్పి, ఆసుపత్రికి తోడుకొని పోతిమి. వైద్యు డిచ్చిన పూతమందుతో పదిదినములలో మచ్చయైనను మిగులక మానిపోయెను.

పొక్కులు కొలదిగా నున్నచో పూతమందు చాలును. విస్తరించినచో లోనికి మందు పుచ్చుకొనవలయును. మందు మొదలిడి 24 గంటలు గడచిన పిమ్మట, పుండ్లను కప్పుకొని బాలుడు సాధారణముగా బడికి రావచ్చును. పక్కులను గోటితో పెరుకరాదు. గోళ్లు కత్తిరింపవలయును. రోగి తువ్వాలు, పక్కబట్టలు వేరుగా నుంచి వేడినీట నుతుకవలయును. పుండును ముట్టిన చేతులను సబ్బుతో కడుగవలయును.

తానే మానునని యుపేక్షించుట మంచిది కాదు. స్ట్రెప్టోకోకస్ వలన వచ్చినచో, అరుదుగా, కొన్నివారములకు మూత్రపిండములు చెడి, ముఖ ముబ్బి, మూత్ర మెఱ్ఱబారుటయు కలదు. అట్టి గుర్తులు కనబడినచో తక్షణమే వైద్యుని చూడవలయును.

తలిదండ్రులారా, బిడ్డను ఒకనా డింట నుంచుట జాగ్రత్త, వెలివేయుట పాపము. ప్రియ విద్యార్థులారా, మన ప్రభువు కుష్ఠరోగిని సైతము చేయి చాపి ముట్టెను. స్నేహితుని తువ్వాలు ముట్టకుడి. అతని స్నేహమును మాత్రము విడువకుడి.