బాల్టిమోరు నగరమునఁ జూచిన బంతియాట

2010వ సంవత్సరము వేసవిలో మా అక్కగారి పురుటికై మా యమ్మగారితోఁ గూడ మేము అమెరికా దేశమందలి బాల్టిమోరు నగరమునకుఁ బోయి యుంటిమి. అది మేరీలాండు రాష్ట్రములోని రేవుపట్టణము. వీధుల వెంట నొకదాని నొకటి యంటుకొని యెఱ్ఱని యిటుకయిండ్లు. పెక్కిండ్ల ముంగిట తెల్లని చలువరాతి మెట్లు. పూర్వమక్కడి గృహిణులు మోకాళ్లపైఁ గూర్చుండి యా మెట్లను తెల్లగాఁ దోమి కడిగెడివారఁట. ఆ మాట విన్నంతనే మన గడపలు జ్ఞాపకమునకు వచ్చి, ఆ యూరు మాకుఁ బరాయిదిగాఁ దోఁపలేదు.

మే 31వ తేది సోమవారము, యుద్ధములలో మరణించిన వీరులను స్మరించుటకై యా దేశమున సెలవు పాటించు దినము. ఆనాఁడే కళాశాలల లాక్రోసు పోటీలోఁ గడపటి యాట. మా బావగారు ఇండియానా రాష్ట్రమందలి నోటర్ డేము విశ్వవిద్యాలయమునఁ జదివినవారు. వారి జట్టు కడపటి యాటకు వచ్చుట యదియే మొదటిసారి. ఎదిరిజట్టు ఉత్తర కరోలినాలోని డ్యూకు విశ్వవిద్యాలయమువారిది. అక్కగారు పురిటిమంచము దిగలేదు గనుక ఆమె టిక్కెట్టు మాకుఁ దక్కినది.

సోదరీమణులారా, ఈ యాట మన దేశమున నంతగాఁ గానరాదు గనుక రెండు మాటలు చెప్పెదము. జట్టునకుఁ బదుగురు. ఒక్కొక్కరి చేత నొక కఱ్ఱ; దాని చివర దూడమూతికిఁ గట్టు చిక్కము వంటి చిన్న వల. రబ్బరు బంతిని ఆ వలలోఁ బట్టి, పరుగెత్తి, ఒకరికొకరు విసరికొని, ఆఱడుగుల యెత్తు నాఱడుగుల వెడల్పు గల గోలులోనికిఁ గొట్టవలెను. ఉత్తర అమెరికాలోని ఆదివాసుల యాట యిది. అందు హోడినొషోనీ జాతులవారు దీనిని సృష్టికర్త యొసఁగిన వరముగా నెంచి, రోగశాంతికొఱకుఁ గూడ నాడుదురు. లాక్రోసను పేరు ఫ్రెంచివారు పెట్టినది.

పదునైదేసి నిమిషముల నాలుగు భాగములుగా నాట సాగెను. ఈ యాటలో నొక్కొక్క జట్టు పదేసి గోలులు చేయుట సామాన్యమే యైనను, నాఁడు గోలు దొరకుటయే కష్టమయ్యెను. నోటర్ డేము గోలుకాపరి స్కాట్ రోజర్సు భారీమనిషి. అతఁడు బంతి నాపినప్పుడెల్ల బావగారు లేచి నిలుచుచుండిరి. ఏమియుఁ దెలియని మేమును లేచి నిలుచుచుంటిమి. కాలము ముగియునప్పటికి చెఱియైదు గోలులు.

ఇఁక నెవరు ముందు గోలు చేసిన వారిదే గెలుపు. మైదానము నడుమ నేలపై బంతి నుంచఁగా ఇరువురెదురెదురుగా వంగి దానికై పెనఁగులాడవలెను. డ్యూకు జట్టులో కోస్టబైల్ అను యువకుఁడు, పొడవుకఱ్ఱ పట్టి యెదిరివారి నడ్డుకొను పనివాఁడు, ఆ బంతిని తానే చేఁజిక్కించుకొని సూటిగాఁ బరుగెత్తి గోలులోఁ గొట్టెను. పట్టిన కాలము 5 సెకండ్లు! ఆట యెప్పుడు మరల మొదలగునని మేము బావగారి నడుగఁబోవుచుంటిమి, అప్పటికే ముగిసినది. డ్యూకు 6, నోటర్ డేము 5.

బావగారు పలుకక కూర్చుండిరి. అంత పెద్దమనిషి కన్నులఁ దడి చూచి మాకు నోట మాట రాలేదు. ఏలయన, మేము బయలుదేరుటకు వారము ముందే మా తమ్ముఁడు ఉద్యోగపరీక్షలో నొక్క మార్కు తక్కువై తప్పినాఁడు. “ఒకటి తగ్గినను వంద తగ్గినను నొక్కటే” యని వాని మొగము మీఁదనే యంటిమి. ఆ మాట యిప్పుడు బావగారితో ననఁగలమా?

ఇంతలో నాటి పోటీలో నుత్తమ క్రీడాకారునిఁ బ్రకటించిరి. ఓడినజట్టు కాపరి, ఆ రోజర్సే! బావగారు కన్నులు తుడుచుకొని, “అమ్మాయీ, డ్యూకువారును 2005లో నొకసారి, 2007లో నీ మైదానముననే మఱియొకసారి, ఒక్క గోలు తేడాతోనే కడపటి యాట నోడిరి. ఇది వారి మొదటి గెలుపు” అనిరి.

ఆ రాత్రి యింటికి ఫోను చేసితిమి. ఇక్కడ నప్పటికిఁ దెల్లవాఱినది. తమ్ముఁడే పలికినాఁడు. “ఒకటియు వందయు నొక్కటే యన్నది తప్పు, నాయనా” అంటిమి. వాఁడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, తానే ప్రశ్నకడఁ దడఁబడెనో మొదటిసారిగాఁ జెప్పసాగెను. అంతవఱకు మాలో నెవ్వరును వాని నడుగనే లేదు.

నోటర్ డేమువారు 2014లో అదే బాల్టిమోరున, అదే డ్యూకు చేత 11–9తో మరల నోడిరి. 2023 మే 29వ తేదిని ఫిలడెల్ఫియాలో డ్యూకునే 13–9తో గెలిచి, మొదటిసారి విజేతలైరి. పదుమూఁడేండ్ల నాఁటి శిక్షకుఁడు కెవిన్ కొరిగనే యప్పుడును శిక్షకుఁడు. మా తమ్ముఁడు వారికంటె ముందే గట్టెక్కినాఁడు.

మా వారు బడిపంతులు గనుక ఫలితములు వచ్చిన నాఁడు మా యరుగు మీఁద నెవఁడో యొక పిల్లవాఁడు తల వంచుకొని కూర్చుండును. వానికి ముందుగా మంచినీళ్లిచ్చి, వచ్చిన మార్కు లెన్నియో యడుగుదుము. తగ్గినవాని మాట తరువాత.