పళ్ళ మీద నెపం

మనవడికి ఆరో నెల వచ్చిందో లేదో, ఇంటికొచ్చిన ప్రతివారూ చెప్పులు విప్పి తిన్నగా వాడి నోట్లో వేలు పెట్టేస్తున్నారు. ముందు చేతులు కడుక్కోండంటే మూతి ముడుస్తారు. వాడు ఏడ్చినా పళ్ళే, తుమ్మినా పళ్ళే, అర్ధరాత్రి జాగారం చేయించినా పళ్ళే. మొన్న విరేచనాలవుతుంటే వియ్యపురాలు "పళ్ళొచ్చేటప్పుడు మామూలే వదినగారూ" అని తేల్చేసింది. నేను మాత్రం ఓఆర్ఎస్ కలిపి పడుతూ డాక్టరు దగ్గరికి పరిగెత్తించాను.

ఆ పళ్ళు ఏం పాపం చేశాయని? కింది రెండు పళ్ళూ ఇంచుమించు ఆర్నెల్లకి బయటపడతాయి. సరిగ్గా అప్పుడే తల్లి కడుపులో ఉండగా దొరికిన రోగనిరోధక శక్తి తరిగిపోతుంటుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడమూ మొదలవుతుంది. రోగం ఎటునుంచో వస్తుంది, పేరు పళ్ళకొస్తుంది. చొంగ, చిరాకు, కాస్త ఒళ్ళు వెచ్చబడటం, అంతవరకే వాటి పూచీ. థర్మామీటరు 100.4 దాటితే అది జ్వరమే.

నొప్పికి నేను చేసేది కొంచెమే. మెత్తటి గుడ్డ తడిపి, గడ్డకట్టనీయకుండా ఫ్రిజ్‌లో చల్లబరిచి నమలనిస్తాను. లేదంటే కడుక్కున్న వేలితో చిగుళ్ళు రుద్దుతాను. తేనె రాయమన్నవాళ్ళకి ఏడాది నిండాక రమ్మని చెప్పాను. చిగుళ్ళు మొద్దుబార్చే బెంజోకెయిన్ జెల్ రెండేళ్ళలోపు పిల్లలకి వద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో గట్టిగా హెచ్చరించింది. ఆ అమెరికాలోనే 1849 నుంచి విన్‌స్లో సిరప్ అని ఒకటి అమ్మారు. పళ్ళ నొప్పికి పట్టగానే పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. అందులో ఉన్నది మార్ఫిన్. కొందరు మళ్ళీ లేవలేదు.

పళ్ళ మీద నెపం వేస్తే నాకు ఒళ్ళు మండడానికి ఇంకో కారణముంది. నాకు పై పళ్ళు ముందొచ్చాయట. అలా వస్తే మేనమామకి గండమని మా వైపు నమ్మకం. ఏదో శాంతి చేయించారు గానీ మామయ్యకి గుండెల్లో దడ పోలేదు. మెట్రిక్ తప్పితే నా పళ్ళు, పేకాటలో డబ్బు పోతే నా పళ్ళు, చూసొచ్చిన సంబంధం తప్పిపోతే నా పళ్ళు. ఆయన పేక ఎలా ఆడేవాడో ఊరందరికీ తెలుసు! పైగా ఎనభై దాటేదాకా రాయిలా తిరిగాడు. ఏ గండమూ ఆయన గుమ్మం తొక్కలేదు.

నా పెళ్ళిలో గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తూ మండపం మెట్టు దగ్గర తూలాడు. పడలేదు. చుట్టూ వాళ్ళు మెట్టుని తిడుతుంటే ఆయన మాత్రం నా నోటివంక చూశాడు. ఇంక నేను పెదవి విప్పితే ఒట్టు. ఆల్బంలో ప్రతి ఫొటోలోనూ నోరు బిగించుకునే ఉంటాను. చూసినవాళ్ళు కొత్త పెళ్ళికూతురు సిగ్గనుకుంటారు.