బెజవాడ దారిలో బెల్టు లేని ప్రయాణికుడు

నాన్నకు సీటుంది. అమ్మకు సీటుంది. పిల్లలకూ ఉంది. టామీకి మాత్రం ఒడే సీటు, కిటికీయే లోకం! పండక్కి ఊరెళ్లే కార్లలో ఈ నాలుగు కాళ్ల ప్రయాణికుడి సంగతి ఎవరికీ పట్టదు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా దారి పొడవునా దానికి పొంచి ఉన్న ముప్పులేంటి? క్షేమంగా ఊరు చేర్చడం ఎలా?

సంక్రాంతికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున అయిదింటికే ఎల్బీనగర్ కూడలి కిటకిటలాడుతుంటుంది. డిక్కీల్లో సూట్‌కేసులు, వెనక అద్దం దగ్గర దిండ్లు, దుప్పట్లు, పిల్లల చేతుల్లో చిప్స్ ప్యాకెట్లు. ఆ వరసను కాసేపు చూస్తే చాలు... ఏదో ఒక కారు కిటికీలోంచి ఓ మూతి బయటికొస్తుంది. చెవులు గాలికి వెనక్కి వాలిపోయి, నాలుక బయటపెట్టి, లోకంలోని సంతోషమంతా తనదే అన్నట్టు చూస్తుంటుంది. పక్క కార్లో పిల్లలు చేతులూపుతారు. చూడ ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే, అందరూ బెల్టులు పెట్టుకున్న ఆ కార్లో బెల్టు లేనిది దానికొక్కదానికే!

పెంపుడు కుక్కను నాలుగు రోజులు ఇంట్లో ఒంటరిగా వదలలేరు. పక్కింటివాళ్లూ ఊరెళ్తారాయె. పోనీ రైల్లో తీసుకెళ్దామంటే ఏసీ ఫస్ట్‌క్లాసులో కూపే మొత్తం దొరకాలి. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు బోగీలోని పెట్టెలో పంపాలి. పండగ రోజుల్లో మనుషులకే బెర్తులు దొరకవు. ఇక మిగిలింది కారే. సుమారు 270 కిలోమీటర్ల దారి. రోడ్డు ఖాళీగా ఉంటే అయిదు గంటలు. పండగ రద్దీలో ఎంతసేపైనా పట్టొచ్చు.

ఒడి... సీటు కాదు

హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఊరి రద్దీ పలచబడుతుంది. కార్లు వేగం అందుకుంటాయి. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి ఇది. ఇప్పుడు నంబరు 65. చౌటుప్పల్ దగ్గరి మల్కాపూర్ నుంచి నందిగామ దాకా నాలుగు వరసల రోడ్డు 2012లో అందుబాటులోకి వచ్చింది. నాలుగు వరసల రహదారుల మీద కార్ల గరిష్ఠ వేగాన్ని కేంద్రం 2018లో గంటకు 100 కిలోమీటర్లుగా నిర్ణయించింది. అసలు చిక్కంతా ఈ వేగంతోనే. బ్రేకు వేస్తే కారు ఆగుతుంది. అందులోని కుక్క ఆగదు!

ఎనిమిది కిలోల పగ్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘నేను గట్టిగానే పట్టుకున్నాలే’ అంటుంది అమ్మ. నిజంగా పట్టుకోగలదా? కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నో గుద్దుకుందనుకుందాం. ముందు భాగం నలిగి అర మీటరు దూరంలో ఆగిపోయింది. ఆ క్షణంలో లోపలున్న ఎవరినైనా సీట్లో ఆపాలంటే వాళ్ల బరువుకు దాదాపు 20 రెట్ల బలం కావాలి. అంటే ఎనిమిది కిలోల పగ్‌ను ఆపడమంటే 160 కిలోల మూటను ఆపడమే. పాతిక కిలోల లాబ్రడార్ అయితే అర టన్ను! ఏ తల్లి చేతులకు అంత బలం ఉంటుంది? పైగా వేగం రెండింతలైతే దెబ్బ తీవ్రత నాలుగింతలవుతుంది.

ఇంకోలా చెప్పాలంటే... 50 కిలోమీటర్ల వేగంతో ముందు సీటుకో, అద్దానికో కొట్టుకోవడమంటే మూడంతస్తుల మేడ మీద నుంచి నేల మీద పడటంతో సమానం. అలా ఎగిరిపడే కుక్క తానొక్కటే గాయపడదు. ముందు కూర్చున్నవాళ్ల మెడ మీదో, తల మీదో పడుతుంది. 2022 సెప్టెంబరులో ముంబయి దారిలో జరిగిన ప్రమాదంలో కారు వెనక సీట్లో ఉన్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయాక, వెనకవాళ్లకూ బెల్టు కావాలన్న మాట ఇంటింటా వినిపించింది. వెనక సీట్లో కుక్క ఉంటే ఆ మాట దానికీ వర్తిస్తుంది.

ముందు సీటు అసలే పనికిరాదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు రెప్పపాటులో విచ్చుకుంటుంది. పెద్ద మనిషి ఛాతీని కాపాడేందుకు చేసిన ఏర్పాటది. ఒళ్లో ఉన్న చిన్న ప్రాణికి అదే గుద్దు.

పంతంగిలో అద్దం దించితే...

చౌటుప్పల్ దాటగానే పంతంగి టోల్‌ప్లాజా. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరైనా పండగరోజు ఇక్కడ బండ్లు బారులు తీరతాయి. నీళ్ల సీసాలవాళ్లు, జామకాయలవాళ్లు కిటికీ దగ్గరికొస్తారు. అద్దం దిగుతుంది. కొత్త మనిషి చెయ్యి లోపలికి రాగానే టామీకి ఇంటి గేటు గుర్తొస్తుంది. మొరుగుతుంది... ఎగబడుతుంది... ఒక్కోసారి దూకేస్తుంది. ముందూ వెనకా లారీలు, బస్సులు. ఏ బండి కిందికి దూరిందో తెలిసేలోపే లైను కదులుతుంది.

అద్దం పూర్తిగా మూసే ఉంటే మంచిది. గాలి కావాలంటే మూతి కూడా పట్టనంత సందు చాలు. పవర్ విండోలున్న కార్లలో డ్రైవరు దగ్గరుండే మీటతో వెనక అద్దాలకు తాళం వేసేయాలి. కిటికీ అంచున నిలబడ్డ కుక్క పంజా మీట మీద పడితే అద్దం దానంతటదే దిగిపోవచ్చు. లేదా పైకి లేచి మెడకు బిగుసుకోవచ్చు. తల బయటపెట్టిన కుక్క కంట్లో దుమ్ము, ఇసుక, పురుగులు పడటం మరో బాధ. మనం హెల్మెట్‌కు అద్దం దించుకుంటాం. దానికేదీ?

రెండు సెకన్లు... 55 మీటర్లు

నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి వైపు వెళ్లే బండ్లు విడిపోతాయి. అక్కణ్నుంచి నకిరేకల్, కొర్లపహాడ్ మీదుగా సాగే దారిలో జనవరి తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది. ముందు బండి వెనక లైట్లు దగ్గరికెళ్తే తప్ప కనిపించవు. సరిగ్గా అప్పుడే వెనక సీట్లోంచి కుక్క ముందుకొచ్చి నాన్న భుజం నాకుతుంది. ‘ఏయ్, వెనక్కెళ్లు’ అంటూ ఆయన తల తిప్పేది రెండు సెకన్లే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లలో కారు 55 మీటర్లు వెళ్లిపోతుంది... రోడ్డు చూసేవాళ్లు లేకుండా!

పిల్లి అయితే మరీ ప్రమాదం. భయపడితే అది చీకటి మూల వెతుక్కుంటుంది. కార్లో దానికి దొరికే చీకటి మూల బ్రేకు పెడల్ కిందే.

బండిని అదుపు చేయడానికి అడ్డం వచ్చేలా ఎవర్నీ కూర్చోబెట్టకూడదని, ఏ వస్తువూ పెట్టకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 125వ సెక్షన్ చెబుతోంది. అనవసరమైన నొప్పి, బాధ కలిగేలా జంతువును బండిలో తీసుకెళ్లడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. బ్రిటన్‌లోనైతే రహదారి నియమావళిలోని 57వ నియమం ఇంకా సూటిగా ఉంటుంది. కుక్కలను, ఇతర జంతువులను హార్నెస్‌తోనో, పెట్టెలోనో, జాలీ వెనకో ఉంచి, డ్రైవరు దృష్టి మళ్లకుండా చూడాలంటుంది.

సూర్యాపేటలో టిఫిన్... కార్లో టామీ

సగం దారి అయిపోయింది. సూర్యాపేట! బస్సులైనా కార్లయినా ఇక్కడ ఆగడం ఏళ్లనాటి అలవాటు. రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు కూడా ఈ రోడ్డు పక్కనే. ఇడ్లీ, దోసె వాసన తగలగానే పిల్లలు దిగిపోతారు. హోటల్లోకి కుక్కను రానివ్వరు. ‘అయిదు నిమిషాలేగా, కార్లోనే ఉండనీ’ అంటారు. ఆ అయిదు నిమిషాలు కాస్తా దోసె వచ్చేసరికే అరగంట.

ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి 11 డిగ్రీల దాకా పెరుగుతుంది. అరగంటకు 19 డిగ్రీలు. జనవరి మధ్యాహ్నం బయట 30 ఉంటే లోపల 49! ఇక మే నెలలో నల్గొండ ఎండ సంగతి చెప్పేదేముంది? అద్దం కాస్త దించి ఉంచినా లాభం నామమాత్రమేనని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లోనే కొలిచి చూపించారు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల్లో మాత్రమే కాస్త పడుతుంది. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి దానికున్న ప్రధాన మార్గం వగర్చడమే. ముక్కు అణిగిపోయి ఉండే పగ్‌లకు అదీ కష్టమే. అందుకే వంతులవారీగా తినడం ఒక్కటే దారి. ఒకరు లోపలికెళ్తే ఒకరు నీడలో టామీతో ఉండాలి.

తలుపు తెరవడానికీ ఓ వరస ఉంది. ముందు గొలుసు తగిలించాలి. దాని కొస చేతికి చుట్టుకోవాలి. ఆ తర్వాతే కారు బెల్టు విప్పాలి. చివరికి తలుపు తీయాలి. పిల్లలకు ఈ వరస నేర్పకపోతే హైవే పక్కన పరుగులు తప్పవు.

కోదాడ దాకా ఎలా కూర్చోవాలి?

మునగాల, కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. అంత దూరం కుక్క కుదురుగా కూర్చోవాలంటే మూడు దారులున్నాయి.

మొదటిది హార్నెస్. ఛాతీని, భుజాలను చుట్టి ఉండే వెడల్పాటి పట్టీ ఇది. దానికుండే చిన్న బెల్టును వెనక సీటు బెల్టు బకిల్‌కు తగిలిస్తారు. లేచి కూర్చునేందుకు, పడుకునేందుకు సరిపోయేంత పొడవుంటే చాలు. ముందు సీటు అందకూడదు. మెడ బెల్టుకు మాత్రం ఎప్పుడూ కట్టకూడదు. సడెన్ బ్రేకు పడితే ఆ బరువంతా గొంతు మీదే పడుతుంది.

రెండోది పెట్టె లాంటి క్యారియర్. పిల్లులకు, చిన్న కుక్కలకు ఇదే క్షేమం. ఒట్టిగా సీటు మీద పెడితే అదే ఎగిరిపడుతుంది. ముందు సీటు వెనక, కాళ్లు పెట్టుకునే చోట కదలకుండా ఇరికిస్తే నయం. పిల్లి కంగారు పడుతుంటే పైన పలచటి గుడ్డ కప్పాలి... గాలి ఆడేలా.

మూడోది జాలీ. డిక్కీ, సీట్లు కలిసి ఉండే పెద్ద బండ్లలో పెద్ద జాతి కుక్కలను వెనక ఉంచి, మధ్యలో బలమైన జాలీ బిగిస్తారు. సామాన్లు మాత్రం వాటి మీద పడకుండా కట్టేయాలి.

అయితే ‘కారు హార్నెస్’ అని రాసి ఉన్న ప్రతిదీ ప్రమాదంలో నిలబడుతుందని కాదు. అమెరికాలో 2011లో మొదలైన సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ 2013లో కుక్క బొమ్మలతో ప్రమాద పరీక్షలు చేసింది. కొన్నింటి పట్టీలు తెగాయి. కొన్ని బొమ్మను సీట్లో ఆపలేకపోయాయి. అన్నింటా మెరుగ్గా నిలిచింది ఒక్కటే! కొనేముందు కుట్లు, బకిల్ చూడాలి. ప్లాస్టిక్ కొక్కెం కన్నా లోహపుది మేలు. ప్రమాద పరీక్ష ఫలితం ఏదైనా ఉందా అని అడగాలి. బలం అంతంతమాత్రమైనా కుక్కను డ్రైవరు ఒళ్లోకి రాకుండా, తలుపు తీయగానే దూకకుండా ఆపుతుంది. అదీ లాభమే.

కొనడం కూడా పండగ ముందురోజు కాదు. రెండు మూడు వారాల ముందే ఇంట్లో కాసేపు తొడిగి, ఇష్టమైన తిండి పెట్టాలి. తర్వాత ఆగి ఉన్న కార్లో... ఆపైన వీధి చివరిదాకా... అలా అలవాటు చేయాలి. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ముగించాలి. వాంతులు చేసుకునే కుక్కకు మందు వెటర్నరీ డాక్టరు చెబితేనే వేయాలి. రెండు గంటలకోసారి ఆగి నీళ్లు పట్టి, నాలుగడుగులు నడిపించాలి.

తప్పిపోతే ఎవరినడగాలి?

జగ్గయ్యపేట, నందిగామ దాటి ఇబ్రహీంపట్నం వస్తే ఓ పక్క కొండపల్లి, మరో పక్క కృష్ణమ్మ. ఇంకాసేపట్లో దుర్గమ్మ కొండ. అలసిపోయినా అందరి మొహాల్లో వెలుగొస్తుంది. సరిగ్గా ఇక్కడే జాగ్రత్త సడలుతుంది. ‘వచ్చేశాం కదా’ అని బెల్టు విప్పేస్తారు.

చిన్న గుద్దులాటే కావచ్చు. మనుషులు క్షేమంగా దిగొచ్చు. కానీ పెద్ద చప్పుడుకు బెదిరిన కుక్క తెరుచుకున్న తలుపులోంచి కంటికి కనిపించిన వైపు పరుగెడుతుంది. అది ఏ పొలాల్లోకి పోయిందో తెలీదు. తన వీధి, తన గేటు, తన మనుషుల వాసన... అన్నీ వందల కిలోమీటర్ల వెనక ఉండిపోయాయి. అది ఎవరినీ దారి అడగలేదు. ఫోను నంబరు చెప్పలేదు. అందుకే మెడ బెల్టుకు ఇంటివాళ్ల నంబరున్న బిళ్ల, ఫోనులో దాని ఫొటో, సంచిలో రేబిస్ టీకా వేయించిన పుస్తకం ఉండాలి. ఊళ్లో దిగాకా గొలుసు వదలకూడదు. అక్కడి వీధి కుక్కలకు ఇది పరాయిది.

పండక్కి దానికీ కొత్త గిన్నె కొంటారు, మెడకు రిబ్బను కడతారు. దాంతోపాటే ఒక బెల్టు కూడా కొంటే సరి. ఊళ్లో అరుగు మీద ఎదురుచూసే నానమ్మ, తాతయ్యలు కారు ఆగగానే లెక్కపెట్టేది మనుషుల్నే కాదు... తోకనూ వెతుక్కుంటారు!