మెడ మోసే బరువు

మా చీరాల వైపు మెడనొప్పి కొత్త సంగతేం కాదు. జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం... ఏ నేతవీధికి వెళ్లినా గుంట మగ్గం ముందు తల వంచి కూర్చున్నవాళ్లే. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కాస్త నూనె రాసి కాపడం పెట్టుకుంటే తెల్లారేసరికి సర్దుకుంటుంది.

మా బాబాయికి వచ్చింది ఆ నొప్పి కాదు. ఒంగోలు నుంచి కారులో వస్తుండగా రైల్వే గేటు పడింది. ఆగిన కారును వెనక నుంచి వ్యాను గుద్దింది. ఒంటిమీద చిన్న గీరు కూడా లేదు. రాత్రి అన్నం తిని మామూలుగానే పడుకున్నాడు. పొద్దున లేస్తే తల తిప్పలేడు. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. ‘దెబ్బేం లేదుగా, ఎందుకా మూలుగు?’ అని ఇంట్లోనే గుసగుసలు. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. దానికి తోడు దొంగనొప్పి అన్న మాట ఆయన్ని మరీ కుంగదీసింది.

దీన్ని డాక్టర్లు విప్‌లాష్ అంటారు. చెర్నాకోల విసిరితే పిడి ముందు కదులుతుంది, కొస వెనకబడి ఆనక ఒక్కసారిగా దూసుకొస్తుంది. మెడా అంతే. తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. మోసేవి 7 చిన్న పూసలు. వెనక నుంచి బండి గుద్దగానే సీటు వీపును ముందుకు నెడుతుంది. తల ఉన్నచోటే ఉండిపోతుంది. సెకనులో పదో వంతు గడిచేసరికే మెడ ‘ఎస్’ ఆకారంలో మెలి తిరుగుతుంది: కింది పూసలు వెనక్కి, పై పూసలు ముందుకు. ఆపైన తల వెనక్కి వాలి, మళ్లీ ముందుకు తూలుతుంది. కండరాలు బిగుసుకునే వ్యవధే ఉండదు. నలిగేది కండరాలు, కీళ్లను పట్టి ఉంచే మెత్తటి భాగాలు. అవి ఎక్స్‌రేలో కనపడవు. నొప్పి కొన్ని గంటలాగి రావడమూ మామూలే.

ఒకప్పుడు మెడపట్టీ వేసి వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. ఎముక విరగలేదని తేలాక మెల్లగా కదిలించడమే మేలని ఇప్పుడు చెబుతున్నారు. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. బాబాయి రోజూ తల అటూ ఇటూ తిప్పుతూ, మొదట అరగంట, తర్వాత గంట మగ్గం మీద కూర్చున్నాడు. రెండు నెలలకు మళ్లీ చీర దించాడు.

కారు సీటు మీది తలదిండు కునుకు తీయడానికి కాదు. తల వెనక్కి పోకుండా ఆపేది అదే. ఇందుకోసమే స్వీడన్‌లో సాబ్ 1997లో, వోల్వో 1998లో ప్రత్యేక సీట్లు తెచ్చాయి. మన కార్లలో చాలావాటికి దాన్ని చేత్తో పైకి లాగితే చాలు. పై అంచు నడినెత్తి ఎత్తున, తలకు దగ్గరగా ఉండాలి. బెల్టు పెట్టుకున్న చేత్తోనే ఆ పనీ చేయండి.