నలభై నాలుగేళ్లకు కొత్త నౌకరీ

పేపర్ నౌకరీ మానేశానని చెప్పగానే బంధువులు మొదట అడిగింది, "తీసేశారా?" అని. లేదు, నేనే మానేశాను. "మరి తన్ఖా?" అన్నారు. అడగాల్సిన సవాలే. అమ్మీ మందులు, పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి ఎవరికీ ఆగవు కదా!

పదిహేడేళ్లు డెస్క్‌లో నైట్ డ్యూటీ. సిటీ ఎడిషన్ వదిలేసరికి రాత్రి ఒంటిగంట. ఇంటికొచ్చి కళ్లు మూసేలోపే ఫజర్ అజాన్. పిల్లలు స్కూలుకు పోయేటప్పుడు నేను నిద్రలో, వాళ్లు పడుకునేటప్పుడు నేను ఆఫీసులో. రంజాన్‌లో ఇఫ్తార్ కూడా కంప్యూటర్ ముందే. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదని 1955 నాటి జర్నలిస్టుల చట్టం చెప్పింది. మా డెస్క్‌లో ఆ లెక్క చూసినవాళ్లు లేరు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) రోజూ పగలు రోజాలు, రాత్రంతా నమాజ్‌లో గడుపుతుంటే ప్రవక్త (స) ఆపారు. ఒంటికీ, కళ్లకూ, భార్యకూ హఖ్ ఉంటుందని నచ్చజెప్పారు. ఇబాదత్‌కే హద్దు ఉందంటే ఇక నౌకరీ ఎంత?

అయినా ఒక్కరోజులో మానేయలేదు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. తెలంగాణలో నిజాం జమానా భూముల కాగితాలు, సేత్వార్లు, పాత బైనామాలు చాలావరకు ఉర్దూలోనే ఉంటాయి. అవి చదివే తాతలు పోయారు. మనవలకు ఆ లిపి రాదు, చాలామంది వకీళ్లకూ రాదు. ఏడాదిపాటు వీక్లీ ఆఫ్‌లలో వాటినే తెలుగు చేశాను. అచ్చు ఉర్దూ వచ్చినంత మాత్రాన సరిపోదు. షికస్తా రాతలో నుఖ్తాలు ఎగిరిపోతాయి, అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. ఒక్క పేజీకి ఒక సాయంత్రం పట్టేది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పడ్డాక ఇస్తిఖారా చేసి, బేగంతో మష్వరా చేశాను.

"పైసే కమ్ ఆయే తో కమ్ ఖాయేంగే, పన్ ఆప్ ఘర్ మే తో రహేంగే" అంది. తక్కువొస్తే తక్కువ తిందాం, మీరు ఇంట్లో అయినా ఉంటారు కదా అని.

ఇంట్లో ఉన్నాను కానీ, పని కూడా నాతోపాటే ఇంట్లోకి వచ్చింది. దస్తర్‌ఖాన్ మీద ఉండగా ఫోను, ఇషా తర్వాత ఫోను. "అబ్బా, మీరు ఆఫీసులోనే నయం" అంది చిన్నది. అప్పుడు ఒక ఖాయిదా పెట్టుకున్నాను. ఫజర్ నుంచి అసర్ వరకే పని. అసర్ అజాన్ వినగానే కాగితాలు అల్మారాలోకి. జుమా నాడు సగం రోజే. చలికాలంలో అసర్ త్వరగా వస్తుంది, పని గంటలు తగ్గుతాయి. ఎండాకాలంలో కాస్త పెరుగుతాయి. గడియారం పెట్టే హద్దును నేను ఎన్నోసార్లు దాటాను. అజాన్ పెట్టిన హద్దు దాటాలంటే సిగ్గేస్తుంది.

ఆమ్దనీ మునుపటికంటే మూడో వంతు తగ్గింది. కొత్త బట్టలు ఈద్‌కే కొంటున్నాం, బండి పాతదే. జూన్‌లో ఫీజులు కట్టేటప్పుడు గుండె దడదడలాడుతుంది, అబద్ధం చెప్పను. కానీ మగ్రిబ్ తర్వాత చిన్నదానికి అలిఫ్, బే నేర్పుతున్నాను. రేపు మా కాగితాలు చదవడానికి అది ఎవరినీ వెతుక్కోనక్కర్లేదు, ఇన్‌షా అల్లాహ్.